గెర్షోన్ గారి చెల్లెలూ, ఆవిడ రూమ్మేటూ

మిత్రులారా, బస్సులు కూడా సరిగా తిరగని ఇంత గాలిలో, ఈ సాయంత్రం ఇంతమంది వచ్చారు. కుర్చీలు చాలక కొందరు వెనక గోడ వెంట నిలబడ్డారు. క్షమించండి. ఈ హాల్లో అదనపు కుర్చీలు ఎక్కడ పెట్టి ఉంటాయో తెలిసిన మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయన కోసమే ఇవాళ మనం కూడాం.

గెర్షోన్ మెల్నిక్ గారు పోయి నేటికి ముప్పై రోజులు. ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఇజ్రాయెల్ తీరాన ఉన్న హైఫాలో పుట్టారు. ఇరవై ఎనిమిదో ఏట వెల్లింగ్టన్ వచ్చారు. ఈ ఊరి మాంసం కొట్లకీ, పాల డిపోలకీ, ఆఖరికి మన ఈ యూదు మందిరం వంటగదికీ ఫ్రిజ్‌లు బాగుచేస్తూ బతికారు. భార్య పెర్ల్ గారు పద్నాలుగేళ్ళ కిందటే పోయారు. పిల్లలు లేరు. ఉన్నదల్లా హైఫాలో ఒక్క చెల్లెలు, త్సీలా గారు. ముప్పై గంటలు ప్రయాణం చేసి వచ్చి ఇక్కడ ముందు వరసలో కూర్చున్నారు. పక్కన బాత్యా గారు. మన యూనివర్సిటీలో న్యాయశాస్త్రం చెప్పే ఓర్నా వాళ్ళ వెనక కూర్చుని నా మాటలు హీబ్రూలో చెబుతోంది. ఓర్నా, నేను గబగబా మాట్లాడితే చెయ్యి ఎత్తు.

నా పేరు లియోనీ. మూడో ఆదివారం సాయంత్రాలు ఇక్కడ జరిగే చర్చలు నడిపేది నేనే. పదేళ్ళు గెర్షోన్ గారితో పోట్లాడాను. సంతాప సభలో నువ్వే మాట్లాడాలని కమిటీ అన్నప్పుడు, ఆయనకి స్నేహితులెవరూ లేరా అని అడిగాను. మన కార్యదర్శి సెసిల్ గారు చాలా గంభీరంగా చెప్పారు: "ఎవరితో ఎక్కువ పోట్లాడితే వాళ్ళే ఆయనకి స్నేహితులు. ఆ వరసలో నువ్వే ముందున్నావమ్మా."

మిత్రులారా, ఇజ్రాయెల్ గురించి మాట్లాడుకుందామంటే మన జనం ఏం చేసేవారో మీకు గుర్తుందా? యుద్ధం, సరిహద్దులు, ఎన్నికలు. గంటలో సగంమంది అలిగి వెళ్ళిపోయేవారు, మిగతా సగం బిస్కెట్లు తినేవారు. అందుకే నేనన్నాను, వార్తల్లో రాని ఇజ్రాయెల్ గురించి మాట్లాడుకుందాం అని. అక్కడ ఎవరు ఎవర్ని పెళ్ళాడుతున్నారు, ఆచారాలు పాటించే ఇళ్ళలో పిల్లలు ఎలా పెరుగుతున్నారు, గేలు, లెస్బియన్లు అక్కడ ఎలా బతుకుతున్నారు. ఈ చివరి మాట అనగానే గెర్షోన్ గారు లేచారు.

"ఏమ్మా లియోనీ, ఉన్న తగవులు చాల్లేదా? కొత్తది కొనుక్కొస్తున్నావా?" అన్నారు. "అసలు హైఫాలో అలాంటి వాళ్ళే లేరు. నేను పుట్టిన ఊరు. నాకు తెలీదా?"

మనిషికి మూడు నిమిషాలు అని నియమం పెట్టాం. ఆయన ఒప్పుకోలేదు. "మూడు నిమిషాల్లో నేను గొంతు మాత్రమే సవరించుకుంటాను" అన్నారు. అబద్ధం కాదు. ఆయన గొంతు సవరించుకోవడం మీరంతా విన్నారు.

మరి ఆయన ఇజ్రాయెల్‌ని వెనకేసుకొచ్చేవారా? అదీ చెప్పలేం. ఎవరైనా పొగిడితే తప్పులెంచేవారు. తప్పులెంచితే పొగిడేవారు. ఎవరూ ఏమీ అనకపోతే, ఎవరికీ ఆ దేశం పట్టలేదని కోప్పడేవారు.

నేనూ, నా భాగస్వామి అనిహేరా ఈ మందిరంలో చేరి పన్నెండేళ్ళయింది. మొదటి రోజు నుంచీ ప్రతివారం ఆయన తప్పకుండా అడిగేవారు: "మీ రూమ్మేట్ బాగుందా?" నేను వెటకారం అనుకునేదాన్ని. ఇంటికెళ్ళి అనిహేరాతో చెప్పుకుని ఉడుక్కునేదాన్ని. అది వెటకారం కాదని, ఆయనకి ఆ మాట ఒక్కటే తెలుసనీ నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఎలా తెలిసిందంటారా? ఆయన చెల్లెలి కథల వల్ల.

మూడో ఆదివారం వస్తే ఒక్కసారైనా త్సీలా గారి పేరు రాకుండా ఉండేది కాదు. ఇజ్రాయెల్లో ఆడవాళ్ళు ఎంత పొదుపరులో చెప్పడానికి చెల్లెల్నే చూపించేవారు. "మా త్సీలాని చూడండి. అద్దె కలిసొస్తుందని బాత్యా అనే రూమ్మేట్‌తో ఉంటోంది. డెబ్బై రెండులో మొదలుపెట్టారు, ఇంకా కలిసే ఉన్నారు. ఇద్దరికీ కలిపి ఒకే కారు, ఒకే కుక్క. సెలవులకి కూడా కలిసే పోతారు, హోటల్లో ఒకటే గది తీసుకుంటారు. చూశారా పొదుపు?"

మిత్రులారా, ఆ కథ విన్నప్పుడల్లా ఈ హాల్లో ముప్పైమంది ఒకేసారి టీ కప్పుల్లోకి చూసేవారు. సెసిల్ గారికి దగ్గు వచ్చేది. ఎవరికైనా చెప్పే ధైర్యం ఉందా? నాకు లేదు. ఒకసారి ఆయనే కొంచెం అనుమానంగా అన్నారు: "ఒక్కటే నాకు అర్థం కాదు. ఆ సొమ్ముతో ఈపాటికి ఎవరి ఇల్లు వాళ్ళు కొనుక్కోవచ్చు కదా." అప్పుడు కూడా మనం టీ తాగాం.

రెండువేల పదిహేను జూలైలో, ఒక ఆదివారం, ఓర్నా మాట్లాడింది. ఆ దేశంలో పెళ్ళి మతపెద్దల చేతిలో ఉంటుందని, రిజిస్ట్రారు ఆఫీసు పెళ్ళి అక్కడ లేదని చెప్పింది. మతపెద్దలు ఒప్పుకోని జంటలు సైప్రస్‌కి విమానమెక్కి పెళ్ళి చేసుకొస్తారు. ఇద్దరు ఆడవాళ్ళయినా, ఇద్దరు మగవాళ్ళయినా అక్కడ పెళ్ళి చేసేవాళ్ళు లేరు. కానీ బయటి దేశంలో పెళ్ళాడి ఆ కాగితం పట్టుకొస్తే మాత్రం ప్రభుత్వం రాసుకుంటుంది. ఓర్నా ఇంకా కూర్చోలేదు, గెర్షోన్ గారు లేచారు.

"ఎవరికమ్మా ఈ తిప్పలు? హైఫాలో అలాంటి వాళ్ళు లేరని పదిసార్లు చెప్పాను. మీరు నమ్మరు. ఉండండి, ఇప్పుడే అడుగుతాను."

మనకి సాయంత్రం ఆరు. హైఫాలో పొద్దున్న తొమ్మిది. ఆయన ఫోను తీసి, చెల్లెలికి కలిపి, స్పీకరు పెట్టి, ఇదిగో ఈ బల్ల మీద బిస్కెట్ల పళ్ళెం పక్కన ఉంచారు. హీబ్రూలో అడిగారు. ఓర్నా మనకి చెబుతూ వచ్చింది.

"ఏమే త్సీలా, ఇక్కడ ముప్పైమంది వింటున్నారు, గట్టిగా చెప్పు. ఇద్దరు ఆడవాళ్ళు మొగుడూ పెళ్ళాల్లా బతికే వాళ్ళు హైఫాలో నీకెవరైనా తెలుసా?"

ఫోన్లోంచి ఏ శబ్దమూ రాలేదు. లైను తెగిందేమోనని ఆయన ఫోను ఎత్తి ఊపి చూశారు. అప్పుడు ఇంకో గొంతు, కొంచెం దూరం నుంచి వినిపించింది. బాత్యా గారి గొంతు.

"త్సీలా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఓర్నా దాన్ని అనువదించలేదు. అవసరం రాలేదు.

త్సీలా గారు చెప్పారు. రెండే మాటలు: "తెలుసు అన్నయ్యా."

ఆయన ఫోను ఆపారు. బల్ల మీది పళ్ళెం సర్దారు. ఎప్పటిలాగే కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చారు, మనుషులు కూర్చున్నవి తప్ప. కోటు వేసుకుని వెళ్ళిపోయారు. తర్వాత ఐదు నెలలు మందిరానికి రాలేదు.

ఆ ఐదు నెలలూ త్సీలా గారి ఫోను కూడా ఎత్తలేదు. నాకెలా తెలుసు? ఆవిడ ఓర్నా నంబరు సంపాదించి, అన్నయ్య బతికే ఉన్నాడా అని వారం వారం అడిగేవారు. సెసిల్ గారు ఆయన వీధిలోంచి నడిచి వెళ్ళి, కిటికీలో దీపం చూసి వచ్చి, బతికే ఉన్నాడని చెప్పేవారు. మన మందిరం ఫ్రిజ్ రెండుసార్లు ఆగిపోయింది. పిలవడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. వెన్న కరిగింది. కరగనిచ్చాం.

డిసెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం మా ఇంటి తలుపు కొట్టారు. చేతిలో పనిముట్ల పెట్టె ఉంది. "మీ ఫ్రిజ్ చప్పుడు చేస్తోందని విన్నాను" అన్నారు. మా ఫ్రిజ్ కొత్తది. అయినా లోపలికి వచ్చి దాన్ని గోడ నుంచి లాగి, వెనక కూర్చుని, అక్కడి నుంచే మాట్లాడారు. మొహం మాకు కనిపించలేదు. కనిపించకూడదనే అలా కూర్చున్నారు.

ముందు ప్రశ్నలడిగారు. కాగితం మీద రాసుకొచ్చారు. చెత్త ఎవరు బయటపెడతారు? డబ్బాల మూతలు ఎవరు తీస్తారు? కోపమొస్తే ఎవరు సోఫాలో పడుకుంటారు? అనిహేరా వాటన్నిటికీ జవాబులిచ్చింది. చెత్త సంగతి అడిగితే, "లియోనీ పెట్టాలి. నేను పెడతాను" అంది. ఫ్రిజ్ వెనక నుంచి, "మా ఇంట్లోనూ అంతే ఉండేది" అని వినిపించింది.

కాగితంలో ప్రశ్నలు అయిపోయాయి. ఆఖరికి అన్నారు: "అది అలాంటిదని నాకు కోపం లేదమ్మా. నా మొలల సంగతి కూడా దానికి చెప్పాను నేను. నలభై మూడేళ్ళు అది నాకు చెప్పలేకపోయింది. చెప్పడానికి పనికిరానివాణ్ణి అనుకుంది. నేనేం అన్నని?"

అనిహేరా నేలమీద, ఫ్రిజ్ పక్కనే కూర్చుంది. "మీరు ఫోన్లో త్సీలా గారిని కూడా రూమ్మేట్ ఎలా ఉందని అడిగేవారు కదా, ఆవిడ ఏమనేది?" అంది.

"బాగుందనేది. మోకాళ్ళ నొప్పులనేది. పుట్టినరోజుకి పూలు తెచ్చిందనేది."

"చెబుతూనే ఉంది మరి" అంది అనిహేరా.

ఆయన అక్కడి నుంచే హైఫాకి ఫోను చేశారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. మేం పెరట్లోకి వెళ్ళిపోయాం. తిరిగొచ్చేసరికి మా ఫ్రిజ్ పాడైంది. పైప్ ఏదో ఊడిందట. మర్నాడు వచ్చి బాగుచేశారు.

మార్చి నెలలో ఆయన కమిటీ ముందుకి ఒక తీర్మానం తెచ్చారు. త్సీలా మెల్నిక్, బాత్యా షరాబీల పెళ్ళి మన మందిరంలో చెయ్యాలని. ఇలాంటి పెళ్ళిళ్ళకి ఈ దేశంలో చట్టం వచ్చి అప్పటికే రెండున్నరేళ్ళు. ఇక్కడ పెళ్ళాడి కాగితం హైఫా పట్టుకుపోతే రాసుకుంటారని ఓర్నా చెప్పనే చెప్పింది. పెళ్ళి కావాలని అడిగింది బాత్యా గారు. డెబ్బై మూడేళ్ళకి గుండెకి ఆపరేషన్ అయింది. ఆసుపత్రి కాగితంలో త్సీలా గారి పేరు పక్కన బంధుత్వం అనే గడిలో "పొరుగామె" అని రాశారట. మత్తు దిగగానే బాత్యా గారు అన్న మొదటి మాట, "పక్క ఫ్లాటుకి ఎప్పుడు మారావే?" అని.

ఇరవై ఒక్కమంది కూర్చున్నాం. ఇందులో సగంమందికి ఇష్టం లేదు. ఎందుకుంటుంది? ఆరేళ్ళు ఇలాంటివి వద్దని వాళ్ళకి నూరిపోసింది ఎవరు? గెర్షోన్ గారే. సెసిల్ గారు పాత మినిట్స్ పుస్తకాలు తెచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కొక్కటీ చదివారు. రెండువేల పదకొండు, మే నెల: ఇది మన పని కాదని గెర్షోన్ అన్నారు. రెండువేల పన్నెండు, ఆగస్టు: ఈ పైకప్పు కింద ఇలాంటి పెళ్ళి జరిగితే ఫ్రిజ్‌లు మీరే బాగుచేసుకోండని గెర్షోన్ అన్నారు. రెండువేల పదమూడు, ఏప్రిల్: గెర్షోన్ బల్ల గుద్దారు, టీ ఒలికింది.

"ఈ గెర్షోన్‌కి ఏం జవాబు చెప్తారు?" అన్నారు సెసిల్ గారు.

"వాడు మూర్ఖుడు" అన్నారు గెర్షోన్ గారు. "ఎవరు చెప్పినా వినడు. వాణ్ణి నేను చాలా దగ్గర్నుంచి చూశాను."

అందరూ నవ్వారు. సెసిల్ గారు నవ్వలేదు. పుస్తకం మూసి, చాలా బాధగా అన్నారు: "నవ్వులాట కాదు గెర్షోన్. నాకు ఆ ఊరు తెలీదు, ఆ మనుషులు తెలీదు. నువ్వు చెప్పిందే నమ్మాను. ఇప్పుడు నువ్వే మాట మారిస్తే నేనెక్కడికి పోవాలి?"

"నాతో రా" అన్నారు గెర్షోన్ గారు.

చేతులెత్తమన్నాం. పదిమంది అవునన్నారు, పదిమంది కాదన్నారు. మిగిలింది సెసిల్ గారు. చెయ్యెత్తారు. ఎత్తి, "ఇది ఆలోచించుకోవడానికి ఎత్తిన చెయ్యి" అన్నారు. "ఆలోచించుకో. ముందు లెక్కలో వేసుకో" అన్నారు గెర్షోన్ గారు. అలా పాసయింది మిత్రులారా, మన తీర్మానం.

నవంబరులో పెళ్ళి. బయట పచ్చిక మీద, సముద్రం కనబడేలా చెయ్యాలని ఆయన పట్టుబట్టారు. మన ఈ ఐలండ్ బే తీరంలో నవంబరు గాలి సంగతి ఆయనకి తెలీదా? తెలుసు. పెర్ల్ గారి తెల్లటి బల్లగుడ్డని పందిరి చేసి, నాలుగు కర్రలకి కట్టి, ఒకటి ఆయన, ఒకటి సెసిల్ గారు, ఒకటి అనిహేరా, ఒకటి నేను పట్టుకున్నాం. ఆక్లండ్ నుంచి వచ్చిన మతగురువు, రబ్బీ, మొదటి ఆశీర్వాదం మొదలుపెట్టగానే దక్షిణపు గాలి లేచింది. గుడ్డ తెరచాపలా ఉబ్బింది. సెసిల్ గారు బక్కపలచని మనిషి. మడమలు లేవడం నేను కళ్ళారా చూశాను.

"వదలకండి" అని అరిచారు గెర్షోన్ గారు. "వీళ్ళు నలభై నాలుగేళ్ళు ఆగారు. ఈ గాలి పది నిమిషాలు ఆగలేదా?"

ఆగలేదు. రబ్బీ ఏడు ఆశీర్వాదాలూ కేకలేస్తూ చదివారు. ఆచారం ప్రకారం చివర్లో గాజుగ్లాసు తొక్కి పగలగొట్టే సమయానికి అది మెత్తటి పచ్చికలోకి దిగిపోయింది. బాత్యా గారు రెండుసార్లు తొక్కారు, పగల్లేదు. మూడోసారికి గెర్షోన్ గారు కర్ర ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పనిముట్ల పెట్టె మూత ఊడదీసి గ్లాసు కింద పెట్టారు, అప్పుడు పగిలింది. పెళ్ళికి పనిముట్ల పెట్టె ఎవరు తెస్తారు? ఆయన తెచ్చారు.

భోజనాల దగ్గర ఆయన మాట్లాడారు. వారం రోజులు అద్దం ముందు సాధన చేశారని తర్వాత తెలిసింది. లేచి, గొంతు సవరించుకుని, "నా చెల్లెలికీ, ఆమె రూమ్మేట్‌కీ" అని ఆగిపోయారు. ఆయన మొహం కందగడ్డలా అయింది. అప్పుడు బాత్యా గారు కూర్చున్నచోటి నుంచే అన్నారు: "తప్పేముంది? ఇంకా అదే గదిలో ఉంటున్నాను."

ఆ నవ్వులు తగ్గాక ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి మెల్లగా అన్నారు. "నా చెల్లెలికీ, నా మరదలికీ." అంతే. కూర్చుండిపోయారు. గెర్షోన్ మెల్నిక్ జీవితంలో మూడు నిమిషాల లోపు ముగిసిన ప్రసంగం అదొక్కటే.

కాగితం పట్టుకుని వాళ్ళిద్దరూ హైఫాలో ఆఫీసుకి వెళ్ళినప్పుడు గంటసేపు పట్టిందట. అభ్యంతరం పెట్టి కాదు. వెల్లింగ్టన్‌ని హీబ్రూలో ఎలా రాయాలో గుమాస్తాకి తెలీక. త్సీలా గారు ఆ సాయంత్రమే ఫోను చేశారు: "అన్నయ్యా, రాశారు. నీ ఊరి పేరు తప్పు రాశారు. బాత్యా పేరు సరిగ్గా రాశారు."

పెళ్ళి తర్వాత ఆయన సాధువైపోయారని అనుకోకండి. ఆ ఏడాదే, గోడకి ఇంద్రధనుస్సు జెండా కొట్టినప్పుడు మేకులు పెద్దవని నాతో నెలరోజులు మాట్లాడలేదు. ఒకసారి ఒక అతిథి వచ్చి, ఇలాంటి వాళ్ళకి ఇజ్రాయెల్ స్వర్గం అన్నారు. గెర్షోన్ గారు లేచారు: "మా చెల్లెలు పెళ్ళాడటానికి పదహారువేల కిలోమీటర్లు ఎగిరొచ్చింది. స్వర్గం నుంచి ఎవరైనా అంత దూరం వస్తారా?" మరుసటి నెల ఇంకొకరు వచ్చి, ఆ దేశంలో అంతా కుళ్ళిపోయిందన్నారు. మళ్ళీ లేచారు: "మా చెల్లెలూ, మరదలూ సాయంత్రం చెయ్యీ చెయ్యీ పట్టుకుని కార్మెల్ కొండ మీద నడుస్తారు. కూరగాయల కొట్టువాడు ఇద్దర్నీ పేరుపెట్టి పిలిచి మంచి టమాటాలు ఏరి ఇస్తాడు. వాడు కూడా కుళ్ళిపోయాడా?" ఆ రెండు మాటలూ నిజమే కదా మిత్రులారా? రెండూ ఒకే మనిషి నోట వినడం ఎంత అరుదో పదేళ్ళు ఈ చర్చలు నడిపినదాన్ని, నాకు తెలుసు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. పోయిన శీతాకాలం ఒక తండ్రి మన చర్చకి వచ్చారు. కోటు కూడా విప్పకుండా వెనకాల కూర్చున్నారు. వాళ్ళమ్మాయి ఆ వారమే తన సంగతి ఇంట్లో చెప్పిందట. గెర్షోన్ గారు దూరం నుంచి చూసి, ఫ్రిజ్ జరపడానికి సాయం కావాలని ఆయన్ని వంటగదిలోకి తీసుకెళ్ళారు. నేను కప్పులు కడుగుతూ పక్కనే ఉన్నాను. వినకూడదు. విన్నాను.

"ఏదీ తేల్చుకోకు" అంటున్నారు గెర్షోన్ గారు. "ముందు ఫోను చెయ్యి. ఏం మాట్లాడాలో తెలీకపోతే ఏం వండుకున్నావని అడుగు. నేను ఐదు నెలలు ఊరుకున్నాను. ఆలోచిస్తున్నాననుకున్నాను. ఏమీ ఆలోచించలేదు, అలిగి కూర్చున్నాను. అది అక్కడ రోజూ ఫోను దగ్గర కూర్చుంది. ఇప్పుడు దానికి డెబ్బై మూడు, నాకు డెబ్బై ఏడు. ఆ ఐదు నెలలు ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వను?"

ఆ తండ్రి ఇవాళ ఈ హాల్లో ఉన్నారు. పేరు చెప్పను. పక్కన వాళ్ళమ్మాయి కూర్చుంది.

నిన్న బాత్యా గారు ఓర్నా ద్వారా నన్నొక మాట అడిగారు. చనిపోయిన వారి కుటుంబం ముందుగా లేచి నిలబడే ఆచారం ఉంది కదా, అప్పుడు నేను కూర్చోవాలా, నిలబడాలా అని. నేను రక్తసంబంధం కాదు కదా అన్నారు. త్సీలా గారు నాకంటే ముందే అందుకున్నారు: "వాడు నాకు అన్న, నీకు బావ. నెలరోజులుగా ఇద్దరం ఏడుస్తున్నాం. నిలబడేది నేనొక్కదాన్నేనా?"

అందుకని మిత్రులారా, ముందు కుటుంబం లేస్తుంది. తర్వాత మనం. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడవద్దు. గాలి మాట్లాడితే మాట్లాడనివ్వండి.

త్సీలా గారూ, లేవండి.

బాత్యా గారూ, మీరూ లేవండి. ఆవిడ చెయ్యి పట్టుకోండి.

ఇప్పుడు మనమందరం.